మెట్ల మీద ఆ స్టడ్స్ ఎవరివి?

సలహా అడుగుతూ ఉత్తరం రాసిన అమ్మాయి తన పేరు, ఊరు రాయొద్దని అడిగింది. నిజామాబాద్ జిల్లాలో ఒక పట్టణం, అంతవరకు చాలు. రాసినామెకు 25 ఏళ్ళు, బీకాం చదివి ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తోంది, జీతం 12 వేలు. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ బీడీలు చుడుతుంది. ఒక్కతే చెల్లెలు, 20 ఏళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఉత్తరమంతా ఈ చెల్లెలి ఫుట్‌బాల్ గురించే.

ఏడో తరగతిలో పీఈటీ సార్ చూసి ఆటలో పెట్టాడట. అప్పట్నుంచి తెల్లవారుజామున ఐదింటికి నాన్నే ఆటోలో గ్రౌండ్‌కి దింపేవాడు. పిల్ల ఒకసారి రాష్ట్రం తరఫున జూనియర్ నేషనల్స్ ఆడింది, రెండేళ్ళుగా యూనివర్సిటీ జట్టులో ఉంది. పేపర్లో ఫొటో పడితే నాన్న దాన్ని లామినేషన్ చేయించి ఆటోలో తన సీటు వెనక తగిలించుకున్నాడు. కిందటేడు ఒక టోర్నమెంట్‌లో మోకాలు మెలిపడి లిగమెంట్ తెగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, లక్షా ఎనభై వేలు. చీటీ పాడారు, అదీ చాలక గొలుసు తాకట్టు పెట్టారు. మూడు తులాల గొలుసు, అమ్మ తన బీడీల పీఎఫ్ డబ్బు తీసి పెద్దకూతురి పెళ్ళికని కొన్నది. వడ్డీ ఇప్పుడు పెద్దకూతురే కడుతోంది. "తాకట్టు పెట్టేముందు నన్నెవరూ అడగలేదు. అడిగితే కాదనేదాన్ని కాదు, కానీ అడగలేదు" అని రాసింది. ఈ మాట ఉత్తరంలో రెండు చోట్ల ఉంది.

ఇంతలో సంబంధం వచ్చింది. అబ్బాయికి పక్క జిల్లాలో ప్రైవేటు బ్యాంకు ఉద్యోగం. పెళ్ళిచూపుల రోజు చెల్లెల్ని పొద్దున్నే మేనమామ ఇంటికి పంపేశారు గానీ, మెట్ల మీద పేపరు పరిచి ఆరబెట్టిన ఆమె స్టడ్స్, అంటే ఫుట్‌బాల్ బూట్లు, తీసి లోపల పెట్టడం మరిచిపోయారు. అబ్బాయి తల్లి చెప్పులు విడుస్తూ చూసి, "ఇంట్ల మగపిలగాడు ఉన్నడా?" అని అడిగింది. అమ్మ తడుముకోకుండా "మా అక్క కొడుకువి" అనేసింది. ఇరవై రోజులు తిరక్కుండానే సంగతి బయటపడింది, ఎవరో చెల్లెలు ఆడుతున్న వీడియో వాళ్ళకి చూపించారు. ఆ తల్లి ఫోన్ చేసి రెండు మాటలంది. "మాకు అబద్ధమెందుకు చెప్పిన్రు?" అన్నది మొదటిది. "పొట్టి లాగులేసుకొని ఊర్లు తిరుగుడు బంద్ చేయించున్రి, తర్వాత ముహూర్తం మాట్లాడుకుందం" అన్నది రెండోది.

అప్పటినుంచి నాన్న చిన్నకూతుర్ని ఆట మానెయ్యమంటున్నాడు. అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంటుంది, ఏమీ అనదు. చెల్లెలికి ఆపరేషనై పది నెలలు. మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. వచ్చే నెల బెంగళూరులో ఒక క్లబ్బు ట్రయల్స్ ఉన్నాయి, నాన్నని ఒప్పించమని అక్కనే బతిమాలుతోంది. ఇక ఈమె ప్రశ్న, ఆమె మాటల్లోనే: "ఫ్రిజ్‌లో గుడ్లు కూడా చెల్లెవే, వేరేవాళ్ళు ముట్టుకోవద్దు. దాని ఆట కోసం ఇన్నేళ్ళు అందరం సర్దుకున్నాం. ఇప్పుడు నా పెళ్ళి కూడా సర్దుకోవాలా? ఇట్లా అనుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యమేస్తోంది. నేను చెడ్డ అక్కనా? దాన్ని మానెయ్యమని చెప్పనా, పంపించమని నాన్నతో కొట్లాడనా?"

నీకంటే చాలా పెద్దదాన్ని, కాబట్టి నువ్వు అనే పిలుస్తాను, ఏమనుకోకు.

ముందు ఆ చెడ్డ అక్క సంగతి తేల్చేద్దాం, అది నెత్తిన పెట్టుకుని మిగతావి ఆలోచించలేవు. చెడ్డ అక్కవైతే ఇన్ని నెలలు నోరు మూసుకుని వడ్డీ కట్టేదానివి కాదు. ఇంట్లో ఒకరు ఆటలో ఉంటే ఇల్లంతా వాళ్ళ టైమ్‌టేబుల్లోకి వెళ్ళిపోతుంది. అలారం వాళ్ళ కోసమే మోగుతుంది, కూర వాళ్ళ కోసమే వండుతారు, డబ్బు చేతిలో పడగానే ముందు గుర్తొచ్చేది వాళ్ళ బూట్లే. ఎవరూ కూర్చుని ఇలా చేద్దామని నిర్ణయించరు, ఒక్కో గుడ్డు చొప్పున జరిగిపోతుంది. చెల్లెలి మీద ప్రేమతోనే నువ్వూ ఇచ్చావు. ఇచ్చింది ఎవరూ గుర్తించకపోతే కడుపులో మండుతుంది, అందులో వింతేముంది? ఆ మంట చెల్లెలి మీదికి పోతోందంటే, నీకు అందుబాటులో ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి. నాన్నని ఏమీ అనలేవు, అమ్మని చూస్తే జాలి.

గుడ్ల గురించి ఒక మాట. ఆడే పిల్లకి తిండి ఎక్కువ కావాలి, నిజమే. కానీ మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ లెక్కన మీ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరికో ఇద్దరికో ఉండొచ్చు. పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పే నీకు, వంగి కూర్చుని తంబాకు పొడి పీలుస్తూ బీడీలు చుట్టే అమ్మకి గుడ్డు అక్కర్లేదని ఎవరన్నారు? ముగ్గురూ ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ట్రే తెచ్చినప్పుడు అందరి కోసం తెండి. చిన్న విషయంలాగే ఉంటుంది గానీ, నీ ఉత్తరంలో నీకు అన్నిటికంటే గుచ్చుకున్నది అదేనని నాకనిపించింది.

ఇక అసలు చిక్కు. నువ్వు మూడు విషయాలు కలిపి ఒకే ముడి వేశావు: గొలుసు, పెళ్ళి, ఆట. మూడింటినీ విడదీస్తే ఏది ఎవరి తప్పో కనపడుతుంది.

అబ్బాయి తల్లి ఫోన్లో అన్న రెండు మాటల్లో మీ ఇంట్లో అందరూ రెండోదే పట్టుకున్నారు, లాగుల మాట. నాకు మాత్రం మొదటిదే ముఖ్యమనిపిస్తోంది. ఆ రోజు మెట్ల దగ్గర మీ అమ్మ "మా చిన్నదానివమ్మా, ఫుట్‌బాల్ ఆడుతది, నేషనల్స్‌కి పోయొచ్చింది" అని ఉంటే ఏం జరిగేది? ఆమె మొహం చిట్లించేదేమో. లేదా "ఔనా, మా మేనకోడలు కూడా కబడ్డీ ఆడుతది" అనేదేమో. ఇప్పుడు తెలిసే వీల్లేదు, ఎందుకంటే ఆమెకు అవకాశమే ఇవ్వలేదు. దాచారు కాబట్టి అది దాచాల్సిన విషయమేనని మీరే ఆమెకు చెప్పినట్టయింది. ఒక అమ్మాయి ఆటని దాచినవాళ్ళు ఇంకేం దాచారోనని పెళ్ళికొడుకు తల్లి అనుమానపడితే ఆమెని తప్పు పట్టలేం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు.

మీ అమ్మని తిట్టడానికి చెప్పడం లేదు. పెళ్ళిచూపుల టెన్షన్లో ఏ తల్లి నోటి నుంచైనా వచ్చే మాటే అది. ఆ తర్వాత ఆమె నోరు పెగలకపోవడానికి కారణం కూడా అదే అయి ఉండొచ్చు. ఆడపిల్ల ఆడితే సిగ్గని ఆమె అనుకోదు, అనుకుంటే తన చేతులు పుండ్లు పడేలా చుట్టిన బీడీల డబ్బుతో స్టడ్స్ కొనిచ్చేది కాదు. పెద్దదాని పెళ్ళి చెడింది తన ఒక్క మాట వల్లేనని లోపల కుమిలిపోతోందేమో. ఆమెతో ఒంటరిగా కూర్చుని మాట్లాడు, నీకు కోపం లేదని చెప్పు. కోపం ఉంటే ఉందనే చెప్పు, అదీ నయమే.

నాన్న సంగతి వేరు. ఆయన పరువు కోసం మానమంటున్నాడని నువ్వు రాశావు. నాకలా అనిపించలేదు. ఏళ్ళ తరబడి చీకట్లో లేచి కూతుర్ని గ్రౌండ్‌కి దింపిన మనిషి, ఫొటో సీటు వెనక తగిలించుకుని ఎక్కిన ప్రతివాళ్ళకీ చూపించిన మనిషి, లాగుల గురించి ఇవాళ కొత్తగా సిగ్గుపడడు. ఆయన్ని కుంగదీసింది ఆ ఆపరేషన్. కూతురు నొప్పితో అరవడం చూశాడు, బిల్లు చూశాడు, పెద్దదాని గొలుసు తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టింది కూడా ఆయనే. ఇంకోసారి ఆ మోకాలు పోతే ఏం అమ్మాలి? ఈ భయం ఉన్న మగవాడు భయమని చెప్పడు, పెళ్ళి సాకు దొరికింది కాబట్టి ఆ మాట అంటాడు. కాబట్టి "ఆడపిల్లలు ఆడితే తప్పేంటి" అని వాదించావంటే ఆయన అసలు బాధ దగ్గరికే వెళ్ళలేదన్నమాట. మోకాలి గురించి, డబ్బు గురించి మాట్లాడు.

మోకాలు భయపడాల్సిన విషయమే, నేను కొట్టిపారేయను. మోకాలి లోపలి ఆ లిగమెంట్ తెగడం మగ ఆటగాళ్ళ కంటే ఆడపిల్లల్లో రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న స్పెయిన్ అమ్మాయి అలెక్సియా పుతెయాస్‌కి 2022 జూలైలో యూరో కప్ మొదలయ్యే ముందు రోజు ఇదే లిగమెంట్ తెగింది. మరుసటేడు ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆమె ఉంది, అంటే తిరిగి రావడం సాధ్యమే. కాకపోతే ఆమె వెనక ఒక పెద్ద క్లబ్బు, డాక్టర్ల దండు ఉన్నారు. మీ చెల్లెలి వెనక ఉన్నది మీరు ముగ్గురు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల లోపు పోటీ ఆటలోకి దిగొద్దంటారు, పది నెలలు గడిచాయి కాబట్టి ఆ గడువు దాటింది. అయితే క్యాలెండర్ ఒక్కటే చూస్తే సరిపోదు. ఆపరేషనైన కాలు రెండో కాలికి సమానంగా బలం పుంజుకుందా, ఒంటికాలి మీద దూకినప్పుడు మోకాలు లోపలికి వంగుతోందా అన్నది ఫిజియో పరీక్షించి చెప్పాలి. వచ్చే నెల ట్రయల్స్ సంగతి నాన్న, నువ్వు కొట్లాడి తేల్చుకునేది కానే కాదు, ముందు ఆ పరీక్ష తేల్చాలి. ఫిజియో ఇంకా ఆగమంటే ఈసారి ట్రయల్స్ లేవు, కథ అక్కడికి ముగిసింది, ఇంట్లో ఎవరూ ఎవరికీ శత్రువు కానక్కర్లేదు. వెళ్ళొచ్చంటే ఆ కాగితం నాన్న చేతిలో పెట్టండి. ఫిఫా వాళ్ళు 11 ప్లస్ అని ఒక వార్మప్ తయారుచేశారు, ఇరవై నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చు లేదు, క్రమం తప్పకుండా చేసే జట్లలో గాయాలు బాగా తగ్గాయి. చెల్లెలు అది రోజూ చేస్తోందా అని అడుగు. చేయకపోతే మాత్రం నాన్న భయంలో న్యాయం ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంతా చేసి ఈ ఆటలో ఏముంది?

మీ జిల్లాలో ఎవరినడిగినా సౌమ్య పేరు చెబుతారు, నువ్వూ రాశావు, "మావాళ్ళందరూ సౌమ్యలాగా అవుతది అంటారు" అని. గుగులోత్ సౌమ్య మీ జిల్లా పిల్ల, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది, 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ ఏడాదికి దేశంలో మేటి క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డు తీసుకుంది. 2025 జూలైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్ళారు, క్వాలిఫయర్స్ గెలిచి అక్కడికి చేరడం అదే మొదటిసారి. గర్వపడాల్సిందే. కానీ సౌమ్యని చూపించి ఇంకో ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టకూడదు. ఒక్కరు పైకి వచ్చిన దారిలో ఎంతమంది మోకాళ్ళు పట్టుకుని వెనక్కి వచ్చారో పేపర్లో రాయరు.

డబ్బు లెక్క కూడా చెప్తాను. ఇండియన్ విమెన్స్ లీగ్ పై స్థాయిలో ఆడేది ఎనిమిది జట్లు. ప్రతి జట్టూ కనీసం పదిమంది భారతీయ అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని ఫెడరేషన్ 2023లో చెప్పింది. నీ జీతానికి రెండింతల పైనే. వినడానికి బాగుంది, కానీ గుణించి చూడు, దేశం మొత్తానికి 80 మంది. మణిపూర్, హర్యానా, తమిళనాడు, ఒడిశా, జార్ఖండ్ పిల్లలందరూ ఆ 80లో చోటు కోసమే పరిగెత్తుతున్నారు. మీ చెల్లెలు మంచి ఆటగత్తె కావచ్చు, నేను చూడలేదు. గాయం నుంచి ఇప్పుడిప్పుడే లేస్తోంది కూడా. క్లబ్బు కాంట్రాక్టు వస్తే సంతోషం, వస్తుందని నమ్మి ఇంటి బడ్జెట్ వేసుకోవద్దు.

మరి ఇంకేముంది అంటే ఉద్యోగం ఉంది. దీని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకున్నట్టు లేదు, అది నాకు ఆశ్చర్యంగా ఉంది. రైల్వే ఏటా స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటుంది, రైల్వేకి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. వయసు 18 నుంచి 25 వరకు, సడలింపు ఉండదు. పాత సర్టిఫికెట్ల కట్ట చూపిస్తే సరిపోదు, ఈమధ్య ఏం ఆడావు, ఇప్పటికీ ఆడుతున్నావా అనే చూస్తారు, ట్రయల్స్ పెట్టి మరీ చూస్తారు. అంటే ఇప్పుడు ఆట మాన్పించి, రెండేళ్ళయ్యాక ఉద్యోగానికి పెడదాంలే అంటే కుదరదు. మానేసిన రోజే ఆ తలుపు మూసుకుంటుంది. మిగతా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవాళ్ళకి, ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాళ్ళకి అర్హత ఉంటుంది. పతకాలు వచ్చినవాళ్ళు ముందు వరుస, రానివాళ్ళు వెనక వరుస, అయినా వరుసలో ఉంటారు. మణిపూర్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి బాలాదేవికి పోలీసు ఉద్యోగం చేతిలో ఉంది, అదుండగానే 2020లో స్కాట్లాండ్ వెళ్ళి రేంజర్స్ క్లబ్బుకు ఆడింది. ఇవి కాక వ్యాయామ టీచర్ల కోర్సు బీపీఈడీ ఉంది, దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో ఆటనే పరీక్షిస్తారు, మీ చెల్లెల్ని కనిపెట్టిన పీఈటీ సార్ వచ్చింది ఆ దారినే. ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సు ఉంది, 18 నిండితే చేయొచ్చు. ఇవేవీ పేపర్లో ఫొటో పడేవి కావు. ఇల్లు గడవడానికి పనికొచ్చేవి.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెప్తాను, ఏది పట్టుకోవాలో నువ్వే చూసుకో.

చెల్లెల్ని మాన్పించి ఈ పెళ్ళి చేసుకోవచ్చు. పెళ్ళి అవుతుంది, నాన్న ఊపిరి పీల్చుకుంటాడు. గొలుసు మాత్రం తిరిగి రాదు, ఆ వడ్డీ అలాగే ఉంటుంది, ఆట మానినంత మాత్రాన ఆపరేషన్ ఖర్చు వాపసు ఇవ్వరు కదా. చెల్లెలు నిన్ను ఏమీ అనకపోవచ్చు. కానీ తన 25వ ఏటి దాకా ప్రతి ఉద్యోగ నోటిఫికేషన్ చూసినప్పుడల్లా అక్క పెళ్ళి గుర్తొస్తుంది. ఇంకొకటి, మీ అత్తగారయ్యే మనిషి నీ ఇంటి పిల్ల ఏం కట్టుకోవాలో పెళ్ళికి ముందే శాసించి గెలిచిందంటే, రేపు నీ ఉద్యోగం గురించి మాట్లాడదని గ్యారంటీ లేదు. తప్పకుండా మాట్లాడుతుందని కూడా నేననను. చాలామంది అత్తలు పెళ్ళి దాకా బిగుసుకుని తర్వాత మెత్తబడతారు. అయితే ఆ నమ్మకంతో మెడలో తాళి కట్టించుకోవడం పెద్ద పందెం.

రెండోది, నువ్వే అబ్బాయితో మాట్లాడటం. ఉత్తరమంతా వెతికాను, ఈ విషయంలో అతను ఏమనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడతాడని రాశావు, అంతే. గుడ్ మార్నింగ్‌లు పెట్టేవాడికి దీనికి జవాబు చెప్పే తీరికా ఉంటుంది. ఫోన్ చేసి, మెసేజ్ కాదు, ఫోన్ చేసి చెప్పు: ఆ రోజు అమ్మ తడబడి అబద్ధమాడింది, అది మా పొరపాటు, మీ అమ్మగారికి మా అమ్మ స్వయంగా చెబుతుంది, చెల్లెలి ఆట మాత్రం మా ఇంటి విషయం, దాన్ని మానిపిస్తామని నేను మాటివ్వలేను, మీరేమంటారు? అతను "మా అమ్మని నేను ఒప్పిస్తా" అంటే మంచిది. "అమ్మ ఎట్లంటే అట్ల" అంటే అదీ జవాబే, రేపు ప్రతి విషయంలో నీకు దొరికే జవాబు అదే. సంబంధం తప్పిపోవచ్చు. ఊళ్ళో నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, ఇంకో సంబంధానికి ఆరు నెలలో ఏడాదో పట్టొచ్చు, ఆ భారం నీదే, ఊరికే ధైర్యం చెప్పేసి చేతులు దులుపుకోను. కానీ ఈసారి వచ్చేవాళ్ళకి మొదటి రోజే చెల్లెల్ని చూపిస్తారు, స్టడ్స్ మెట్ల మీదే ఉంటాయి.

మూడోది చెల్లెలితో ఒప్పందం. ఇది ఈ పెళ్ళి ఉన్నా లేకపోయినా చేయాల్సిందని నా అభిప్రాయం. నలుగురూ కూర్చోండి, ఆదివారం పొద్దున చాట పక్కన పెట్టించి మరీ కూర్చోండి. చీటీ ఎంత మిగిలింది, గొలుసు మీద ఎంత ఉంది, నెలకి ఎవరు ఎంత కడుతున్నారు, కాగితం మీద రాయండి. మీ ఇంట్లో ఇప్పటిదాకా ఈ లెక్క ఎవరూ పైకి చదవలేదు, అందుకే అందరూ ఎవరికి వాళ్ళు తామే ఎక్కువ మోస్తున్నామనుకుంటున్నారు. చెల్లెలికి ఒక గడువు పెట్టండి, రెండేళ్ళో మూడేళ్ళో, ఆమె కూడా ఒప్పుకునేది. ఈలోగా ఆమె ఆడొచ్చు, ట్రయల్స్‌కి వెళ్ళొచ్చు, రైల్వేకి పెట్టొచ్చు, పీఈసెట్ రాయొచ్చు. బదులుగా గొలుసు వడ్డీలో ఒక భాగం ఆమె కట్టాలి. సాయంత్రం గ్రౌండ్‌లో చిన్నపిల్లలకి నేర్పిస్తే, టోర్నమెంట్లలో ఏమైనా ఇస్తే అందులోంచి. ఐదొందలైనా సరే. ఇరవై ఏళ్ళ పిల్లకి ఐదొందలు కట్టడం బరువు కాదు, తన ఆట ఖరీదు తనకి తెలుస్తుంది. గడువు పెడితే కలని కట్టేసినట్టు కాదా అని ఎవరైనా అంటారు. కొంచెం అంతే. కానీ గడువు లేకుండా ఎవరి సొమ్ముతోనో కనే కల కంటే గడువు ఉన్న కల చెల్లెలికే మంచిది, ఆ రెండేళ్ళు ఎవరికీ దాక్కోకుండా ఆడుకుంటుంది.

చెల్లెల్ని ఏదో హాస్టల్‌కి పంపేసి కళ్ళకి దూరంగా ఉంచుదామని మీ మేనమామ అన్నాడట. మేనమామలు ఇలాంటివే చెబుతారు. ఫీజు ఎవరు కడతారో ఆయన్నే అడగండి.

నాకు ఏది నచ్చిందో దాచను, రెండో దారి, మూడో దారి కలిపి నడవమంటాను. అయితే నువ్వు మొదటిదే ఎంచుకున్నా నిన్ను తప్పు పట్టను. 25 ఏళ్ళ పిల్ల తన పెళ్ళి తనకి ముఖ్యమనుకుంటే అది స్వార్థం కాదు.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో నువ్వు రాయనిది ఒకటుంది. ఈ అబ్బాయి నీకు నచ్చాడా? మంచి ఉద్యోగం, ఒక్కడే కొడుకు, సొంతిల్లు అని అతని వివరాలు రాశావు, అవి పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పేవి. డిగ్రీ అయ్యాక ఎంబీఏ చేద్దామని ఐసెట్ రాసి ర్యాంకు వచ్చినా చేరలేదని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు, ఎందుకు చేరలేదో కూడా చెప్పలేదు. అది చెల్లెలి నేషనల్స్ ఏడాదేనా? ఆదివారం ఆ కాగితం మీద నీ పేరున కూడా ఒక వరుస ఉండాలి, నీకేం కావాలో అందులో రాయి. పెళ్ళే కావాలంటే పెళ్ళి, చదువు కావాలంటే చదువు. చెల్లెలి ఆట కోసం ఇల్లు సర్దుకున్నట్టే, నీ కోసం రెండేళ్ళు సర్దుకోమని అడగొచ్చు. సర్దుకోరని ముందే అనుకోవద్దు, నువ్వు ఎప్పుడూ అడగలేదు కదా, గొలుసు విషయంలో వాళ్ళు నిన్ను అడగనట్టే.

వెంటనే చేయాల్సిన పనులు రెండున్నాయి. గోల్డ్ లోన్ రసీదు తీసి గడువు ఎప్పటిదో చూడు, దాటితే వేలానికి పెడతారు, రెన్యువల్ తేదీ ఫోన్లో పెట్టుకో. రెండోది చెల్లెలి పని. స్పోర్ట్స్ కోటాకి మామూలు సర్టిఫికెట్ చాలదు, నిర్ణీత ఫారాలుంటాయి: జూనియర్ నేషనల్స్‌కి ఫారం 2, దాని మీద ఫెడరేషన్ లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం, యూనివర్సిటీకి ఆడినదానికి ఫారం 3, దాని మీద యూనివర్సిటీ స్పోర్ట్స్ డీనో డైరెక్టరో సంతకం. డిగ్రీ పూర్తయి కాలేజీ గేటు దాటాక ఈ సంతకాల కోసం తిరగడం ఎంత నరకమో తిరిగినవాళ్ళని అడిగితే చెబుతారు. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు మొదలవకముందే వెళ్ళి చేయించుకోమను.